కొండ దిగాక వచ్చే పొట్ట గురించి

పోస్టు కొంచెం పెద్దది. బస్సులో ఉన్నవాళ్లు సేవ్ చేసుకొని సిగ్నల్ ఉన్న చోట చదవండి.

మన గ్రూపులో జీవో 3 గురించి రాస్తాం, పోడు పట్టాల గురించి రాస్తాం, స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. జబ్బుల గురించి రాస్తే మలేరియా, సికిల్ సెల్, రక్తహీనత. అవన్నీ రాయాల్సినవే. కానీ లావు గురించి, గుండెపోటు గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. అది మన జబ్బు కాదనుకుంటాం. పట్నం షావుకార్లది, ఏసీ గదుల్లో కూర్చునే వాళ్లది అనుకుంటాం.

మా ఊరు పాడేరు దాటి ఇంకా పైకి. అక్కడ హాస్టల్ నుంచి ఎవరు వచ్చినా ముందు చెంపలు చూస్తారు. చెంపలు నిండుగా ఉంటే "తిండి బాగానే ఎడతన్నార్రా" అని సంతోషం. ఎండిపోతే అమ్మలు కళ్లొత్తుకుంటారు. ఇక ఉద్యోగస్తుడికి పొట్ట వచ్చిందంటే ఉద్యోగం నిలబడ్డట్టే లెక్క. దీన్ని తప్పు పట్టడానికి లేదు. మా అయ్య చిన్నప్పుడు వానాకాలం గింజలు అయిపోతే మామిడి టెంకలు నానబెట్టి, దంచి, ఆ పిండితో అంబలి కాచుకు తాగారట. ఆ రోజులు చూసినవాళ్లకి మనిషి ఒంటి మీద కండైనా కొవ్వైనా ఒకటే, ఆకలి తీరిందని గుర్తు. ఆ గుర్తే ఇప్పుడు మనల్ని ఎక్కడ మోసం చేస్తోందో చెబుదామని ఈ పోస్టు.

మా చిన్నాన్న మా ఊళ్లో మొదటి గవర్నమెంటు ఉద్యోగి. ఆశ్రమ పాఠశాలలో టీచరు. నేను ఈరోజు డిగ్రీ చదువుతున్నానంటే ఆయన ఫీజు కట్టిన మొదటి సంవత్సరం వల్లే. ఉద్యోగం రాకముందు సంతకి, పొలానికి, చుట్టాల ఊళ్లకి అన్నిటికీ నడకే. ఉద్యోగం వచ్చాక కొండ కింద అద్దె ఇల్లు, బైకు, మూడు పూటలా తెల్లన్నం, సాయంత్రం స్టాఫ్ రూములో టీతో పాటు బజ్జీలు. పదేళ్లలో ఆయన లావైపోయాడని ఎవరూ అనలేదు, ఎందుకంటే లావవలేదు కూడా. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు, బరువు 62 కేజీలు. చేతులు, కాళ్లు మునుపటిలాగే సన్నం. పొట్ట ఒక్కటే ముందుకొచ్చింది. ప్యాంటు నడుము 38 అంగుళాలు.

రెండేళ్ల కిందట కొత్తల పండక్కి ఊరొచ్చాడు. అప్పటికి వయసు 41. రాత్రి భోజనాలయ్యాక గుండెల్లో బరువుగా ఉందన్నాడు, చెమటలు పట్టాయి, ఎడమ చెయ్యి లాగేస్తోందన్నాడు. అందరూ గ్యాస్ అన్నారు. వాము నమిలించారు, వేడినీళ్లు ఇచ్చారు, వీపు రుద్దారు. బయట వాన. తెల్లారాక డోలీ కట్టి నలుగురు మార్చుకుంటూ అయిదు కిలోమీటర్లు మోశారు. జారుడు దారిలో రెండుసార్లు దింపాల్సి వచ్చింది. అక్కడి నుంచి జీపు, ఒక ఆసుపత్రి, ఈసీజీ, తర్వాత ఘాట్ దిగి విశాఖ. గుండె నాళంలో అడ్డుపడిన గడ్డని కరిగించే ఇంజక్షన్ ఒకటి ఉంటుంది. నొప్పి మొదలైన మూడు గంటల్లోపు పడితే దాని ఫలితం బాగుంటుంది, ఆలస్యమైన కొద్దీ తగ్గిపోతుంది. మేం దాని గురించి వినేసరికి తొమ్మిది గంటలు దాటింది.

బతికాడు. స్టెంట్ వేశారు. కానీ రక్తం అందక గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోయిందని డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. చచ్చిన కండరం మళ్లీ మొలవదట. ఇప్పుడు ఆయన బడికి వెళ్తాడు, పాఠం చెబుతాడు, కొండ మాత్రం ఎక్కలేడు. ఇటుకల పండక్కి రోడ్డు చివరిదాకా బైకు మీద వస్తాడు. మా మామ్మ అడ్డాకులో మాంసం, బువ్వ మూటకట్టి కిందికి తీసుకెళ్లి ఇస్తుంది. తల్లీ కొడుకూ ఆ చింతచెట్టు కింద కాసేపు కూర్చుని ఎవరి దారిన వాళ్లు వెళ్తారు.

విశాఖలో ఉన్న మనిషికి ఇదే నొప్పి వస్తే గంటలోపు ఆసుపత్రి మంచం మీద ఉండే అవకాశం ఉంది. మనకి ఆ గంట డోలీ కట్టడానికే సరిపోదు. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే, మధ్యలో ఘాట్. రోడ్ల కోసం ధర్నాలు చేస్తున్నాం, చెయ్యాలి కూడా. రోడ్డు పడే వరకు మాత్రం మన దగ్గరున్న గుండె వైద్యం ఒక్కటే, ఆ జబ్బు రాకుండా చూసుకోవడం. అది ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే అసలు ప్రశ్న.

నేను జువాలజీ స్టూడెంట్‌ని. చిన్నాన్న సంగతి అయ్యాక లైబ్రరీలో దీని గురించి దొరికినంత చదివాను. ముందు నన్ను తిప్పలు పెట్టింది ఆయన బరువే. ఎత్తునీ బరువునీ కలిపి లెక్కేసే బీఎంఐ అని ఒకటుంది కదా, చిన్నాన్నకి లెక్కేస్తే 24 చిల్లర. ప్రపంచమంతా వాడే పట్టికలో 25 దాటితేనే ఎక్కువ బరువు, 30 దాటితే ఊబకాయం. అంటే ఆ పట్టిక ప్రకారం ఆయన బాగున్నట్టే. కానీ మన దేశం వాళ్లకి డాక్టర్లు వేరే గీతలు పెట్టారు. 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. చిన్నాన్న 38 అంగుళాలంటే 96 సెంటీమీటర్లు.

మనకి గీత కిందికి ఎందుకు జరిపారు? ఒకే బరువున్న యూరప్ మనిషి ఒంట్లో కంటే మన ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా చర్మం కింద కాకుండా పొట్ట లోపల కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ చేరుతుంది. తొడల మీది కొవ్వు ఒక మూల పడుంటుంది గానీ పొట్ట లోపలిది ఊరికే ఉండదు. ఇన్సులిన్‌ని సరిగా పనిచెయ్యనివ్వదు, బీపీ పెంచుతుంది, రక్తంలోకి చెడ్డ కొవ్వుల్ని వదిలిస్తుంది. 52 దేశాల్లో చేసి 2004లో అచ్చువేసిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద పరిశీలన ఒకటుంది. దాన్ని నడిపింది కేరళలో పుట్టిన సలీం యూసుఫ్ అనే డాక్టరు. మొదటి గుండెపోటు మన దక్షిణాసియా వాళ్లకి మిగతా వాళ్లకంటే అయిదారేళ్లు ముందే వస్తోందని అందులో తేలింది.

ఇంకో సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆయన తోటివాళ్లు అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చి కొలిచారు. మన పిల్లల బరువు సగటున 2.7 కేజీలు, అక్కడి వాళ్లది 3.5. మనవాళ్లకి కండ తక్కువ, పొట్టలో అవయవాలు చిన్నవి. కొవ్వు మాత్రం మిగతా వాటంత తగ్గలేదు. చూడ్డానికి బక్క, లోపల కొవ్వు. తల్లి కడుపులో తిండి చాలని పిల్ల ముందు జాగ్రత్తగా కొవ్వు దాచుకొని పుడుతుందన్నమాట. ఆ పిల్ల పెద్దయ్యాక కూడా అంతే తిండి, అంతే పని ఉంటే ఇబ్బంది రాకపోవచ్చు. ఆ పిల్లకే తర్వాత తెల్లన్నం, నూనె, కుర్చీ దొరికితే అప్పుడు మొదలవుతుంది కథ.

చదువుతుంటే మా అమ్మే కళ్లముందు మెదిలింది. నన్ను కడుపుతో ఉన్నప్పుడు తొమ్మిదో నెల దాకా కట్టెల మోపు మోసిందట, తాగింది పలచని అంబలి. నేను రెండు కేజీల చిల్లర పుట్టానని మా మామ్మ ఇప్పటికీ చెయ్యి చూపించి చెబుతుంది, ఇంత ఉన్నావు అని. అంటే మామిడి టెంకల అంబలీ, చిన్నాన్న 38 అంగుళాల ప్యాంటూ రెండు వేరువేరు కథలు కావు. మన గ్రూపులో ఆడపిల్లల రక్తహీనత గురించి పోస్టు పెట్టే అక్కలున్నారు కదా, వాళ్లు తెలియకుండానే గుండెజబ్బుల గురించి కూడా రాస్తున్నారు.

"మాకు ఇరవయ్యేగా, ఇప్పటినుంచే ఏంటి" అని మా రూమ్మేటు అన్నాడు. కొరియా యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికులు 300 మంది గుండెల్ని డాక్టర్లు కోసి చూసి 1953లో రాశారు. వాళ్ల సగటు వయసు 22. అందరూ పరుగెత్తగలిగిన, తుపాకి మోయగలిగిన కుర్రాళ్లు. వాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురికి గుండె నాళాల్లో కొవ్వు పేరుకోవడం ఎంతోకొంత అప్పటికే మొదలైంది. ఒక్కరికీ నొప్పి లేదు. నలభైలో వచ్చే నొప్పికి ఇరవైలో పునాది పడుతుంది. మొదట్లో అది సన్నని కొవ్వు చారలే, వాటిని అక్కడే ఆపొచ్చు. సర్కారు కార్యక్రమంలో ఏఎన్ఎంలు బీపీ, షుగరు చూడాల్సింది 30 దాటిన వాళ్లకి. అది మంచిదే, మీ ఊళ్లో చూడకపోతే అడగండి. కానీ 30 లోపు హాస్టళ్లలో పెరుగుతున్న మనల్ని పిలిచి కూర్చోబెట్టి చూసేవాళ్లు లేరు.

మనలాంటి అడవి మనుషుల సంగతి రెండు చోట్ల దొరికింది. బొలీవియా దేశంలో అమెజాన్ అడవి పక్క త్సిమానే అనే ఆదివాసీలున్నారు. వాళ్లలో నలభై దాటిన 705 మందికి సీటీ స్కాన్ తీసి చూసి 2017లో ప్రకటించారు. నూటికి 85 మంది గుండె నాళాల్లో సున్నం మచ్చే లేదు. ప్రపంచంలో ఇప్పటిదాకా కొలిచిన వాళ్లలో ఇంత శుభ్రమైన నాళాలు ఇంకెవరికీ కనపడలేదు. వాళ్ల మగవాళ్లు రోజుకి ఆరేడు గంటలు ఒళ్లు కదిలించే పనిలో ఉంటారు, ఆడవాళ్లు నాలుగు నుంచి ఆరు గంటలు. తినేది కర్రపెండలం, అరటికాయ, మొక్కజొన్న, చేపలు, వేటమాంసం. అన్నం కూడా! ఇది చదివి నాకు కొంచెం ధైర్యమొచ్చింది, అన్నమే శత్రువు కాదని. పొగ తాగడం వాళ్లలో తక్కువ. అయితే అక్కడికీ రోడ్లు, మోటారు పడవలు వచ్చాక కొలెస్ట్రాల్ పెరుగుతోందని ఆ పేపర్లోనే ఉంది. వాళ్ల బతుకు స్వర్గమని అనడం లేదు, అక్కడ అంటురోగాలు ఎక్కువ.

రెండోది అమెరికాలోని ఆరిజోనాలో పీమా అనే జాతి కథ. గీలా నది నీళ్లని కాలవలు తవ్వి పారించుకొని తరతరాలుగా సేద్యం చేసుకున్నవాళ్లు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎగువన వలసదారులు నీళ్లు మళ్లించేశారు. పంటలు పోయాయి, కరువొచ్చింది. తర్వాత సర్కారు రేషన్ ఇచ్చింది, తెల్లపిండి, చక్కెర, పందికొవ్వు. ఇప్పుడు ప్రపంచంలో షుగరు జబ్బు చాలా ఎక్కువగా ఉన్న జాతుల్లో వాళ్లొకరు. సరిహద్దు అవతల మెక్సికో కొండల్లో వాళ్ల రక్తబంధువులే ఉన్నారు, ఇంకా చేత్తో సేద్యం చేసుకుంటూ. రెండు చోట్లా పరీక్షించి చూస్తే ఆరిజోనాలో నూటికి 38 మందికి షుగరు, మెక్సికోలో ఏడుగురికి. రక్తం ఒకటే. షుగరు ఉన్నవాళ్లకి గుండెజబ్బు ముప్పు రెండింతలు కాబట్టి ఇది గుండె కథ కూడా. "మీ జాతి ఒళ్లే అంత" అని ఎవరైనా అంటే నేను పీమా వాళ్ల నది గురించి చెబుతున్నాను.

కోటా బియ్యాన్ని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ బియ్యం వచ్చాకే మా ఊళ్లో మామిడి టెంకలు దంచడం మానేశారు. కానీ ఆ బియ్యంతో పాటు చోళ్లు, సామలు కంచంలోంచి జరిగిపోయాయి. వంద గ్రాముల చోళ్లలో పీచు 11 గ్రాములు ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాములు కూడా లేదు. మైదానం వాళ్లు ఇప్పుడు "మిల్లెట్స్" అని ప్యాకెట్లు కట్టి మన గింజనే మనం కొనలేని ధరకి అమ్ముతున్నారు. అది వేరే పోస్టు.

ఇక కొలత సంగతి. మన ఊళ్లలో త్రాసు లేదు, టేపు ఉండదు. నూలు దారం ఉంటుంది. మడమ నుంచి నడినెత్తి దాకా మీ ఎత్తుకి దారం కొలిచి తెంపండి. దాన్ని సరిగ్గా సగానికి మడవండి. ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాగకుండా, బొడ్డు మీదుగా చుట్టండి. కొసలు కలిస్తే సరే. కలవకపోతే నడుము మీ ఎత్తులో సగం దాటిందని అర్థం. ఇంగ్లండులో వైద్య మార్గదర్శకాలు రాసే సంస్థ 2022లో ఇదే లెక్క జనానికి చెప్పింది, నడుము ఎత్తులో సగం లోపు ఉంచుకోండి అని. చదువు రానివాళ్లకి కూడా అర్థమయ్యే కొలత ఇదొక్కటే నాకు దొరికింది.

మా గదిలో ఎనిమిది మందిమి. అందరం చుట్టుకున్నాం. ముగ్గురికి కొసలు కలవలేదు. అందులో ఒకడిని మేం రెండేళ్లుగా "బక్కోడా" అనే పిలుస్తున్నాం, 56 కేజీలు వాడు. గదంతా ఒకటే నవ్వు, వాడూ నవ్వాడు గానీ ఆ రాత్రి దారం మళ్లీ తీసి చుట్టుకోవడం నేను చూశాను. సెలవులకి ఊరెళ్లి ఇంట్లో కొలిచాను. మా అయ్యకి చుట్టగా జానెడు మిగిలింది. యాభై దాటాయి, ఇప్పటికీ పోడు ఎక్కి దిగుతాడు. చిన్నమ్మకి నాలుగు వేళ్లు చాలలేదు. పీహెచ్‌సీకి తీసుకెళ్తే బీపీ 150 దాటింది. ఆమెకి ఏ బాధా లేదు, మాత్రలు ఎందుకంటుంది. దారం జబ్బు ఉందో లేదో చెప్పదు, వెళ్లి చూపించుకోమని మాత్రం చెబుతుంది. గిరిజన ప్రాంతాల్లో జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చూస్తే పెద్దవాళ్లలో ప్రతి నలుగురిలో ఒకరికి బీపీ ఉంది, ఉన్నట్టు తెలిసినవాళ్లు చాలా తక్కువ. ఉప్పు రోజుకి అయిదు గ్రాములు దాటొద్దంటారు, అంటే ఒక చిన్న చెంచా. మనం ఎండుచేపతో, పచ్చడితో ఒక్క పూటే అంత తినేస్తాం.

మామ్మకి దారం బాగా మిగిలింది. ఆవిడ సంగతి వేరు, అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకొని చుట్ట కాలుస్తుంది. పొగాకు ఊపిరితిత్తుల్నే కాదు, గుండె నాళాల్ని కూడా పాడుచేస్తుందని చెప్పాను. "ఇప్పుడేటి మానీగల్నురా, నువ్వు మొదలెట్టకు" అంది. హాస్టల్ వెనక గోడ దగ్గర సిగరెట్లు కాల్చే అన్నలు ఈ మాట తమకే అనుకోవచ్చు.

ఇక హాస్టల్. పొద్దున తెల్ల రవ్వ ఉప్మా లేదా పులిహోర, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. కూర గరిటెడు, అన్నం ఎంతైనా. పామాయిల్‌లో సగం దాకా గడ్డకట్టే రకం కొవ్వే, ఆదివారం పూరీలు వేయించిన నూనె సోమవారం తాలింపుకి వస్తుంది. కడుపు నిండని రోజు బయట బండి దగ్గర నూడుల్స్, పక్కన చిన్న కూల్‌డ్రింక్. ఆ పావు లీటరు సీసాలో చక్కెర అయిదారు చెంచాలు. పోటీ పరీక్షలకి చదివేవాళ్లు రోజుకి పది గంటలు కూర్చుంటారు. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన అమ్మలు సంత రోజు ఒక్కరోజే అంత నడుస్తారు. మేం నలుగురం కాలేజీకి ఆటో మానేసి నడుస్తున్నాం, మూడు కిలోమీటర్లు. మాకంటే అన్యాయం ఆడపిల్లల హాస్టళ్లలో, సాయంత్రం ఆరింటికి గేటు వేసేస్తారు, లోపల నడవడానికి జాగా ఉండదు. వాళ్లని లావవుతున్నారని ఎగతాళి చేసేవాళ్లు ముందు ఆ గేటు గురించి మాట్లాడాలి.

పోయిన నెల మెస్ కమిటీలో నేను రెండు అడిగాను. వారానికి మూడు రోజులు పొద్దున చోడి అంబలి, అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, ఆకుకూర ఒక గరిటె పెంచడం. వంట చేసే అక్క వెంటనే సరేనంది, అంబలి పని తక్కువట. అడ్డం చెప్పింది మన సీనియర్ అన్న ఒకాయన. "ఇంటి దగ్గర అంబలి తాగీ తాగీ వచ్చాం. ఇక్కడ కూడా అదే తాగితే ఇంక కొండ దిగడం దేనికి?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. నాకు ఆయన మీద కోపం రాలేదు, ఎందుకంటే తెల్లన్నం ఆయనకి మెతుకుల లెక్క కాదు, ఇంక ఎవరి ముందూ తక్కువ కాదనే లెక్క. చిన్నాన్నకీ అదే అయ్యుంటుంది. నేను మా అమ్మ అంబలి కాచే తీరు చెప్పాను, నడుమ ఉల్లిపాయ, మజ్జిగ, కాల్చిన ఎండుమిరపకాయతో. అన్న లేచి వెళ్లిపోయాడు గానీ వద్దని ఓటు వెయ్యలేదు.

వార్డెన్ సారు చోళ్లు కొనడానికి మెనూలో వీలుందో లేదో పై ఆఫీసుకి రాయమన్నారు. అర్జీ నా దగ్గరుంది, ఇంకా ఇవ్వలేదు. మీ హాస్టల్లో ఎవరైనా చోడి అంబలి గానీ సామలు గానీ మెనూలోకి తెచ్చి ఉంటే, అర్జీ ఎవరికి పెట్టారో, ఎలా రాశారో, సరుకు సంతలో కొన్నారా టెండర్లో వచ్చిందా, కింద రాయండి. వచ్చే ఆదివారం మళ్లీ మెస్ కమిటీ ఉంది.